కొండనాలుకకు మందు

పండుగ సంచికలో గొంతు జబ్బుల కథ ఏమిటని పాఠకులలో కొందరు ముక్కు విరువవచ్చును. వేపపూత పచ్చడి కూడా పండుగనాడే కదా మనము తినేది! ఈ సంవత్సరాది వ్యాసానికి మేము ఈ విషయం ఎన్నుకొనడానికి కారణం ఉన్నది. ఈ మధ్య మన ఇండ్లలో పదిమంది కూడినచోట ఒక మాట వినబడుతున్నది. పిల్లవానికి మాటిమాటికి గొంతు వాస్తున్నది, జ్వరం వస్తున్నది, బడి పోతున్నది. ఇప్పుడేదో రోబో అనే యంత్రం వచ్చిందట, దాని చేత టాన్సిల్స్ తీయిస్తే ఇక జన్మలో గొంతునొప్పి రాదట, అప్పు చేసియైనా చేయించవలెనట. ఈ 'అట'లలో ఎంత నిజమున్నదో తెలియాలంటే ఆ గొంతు వైద్యం నడచివచ్చిన దారి కొంచెం చూడక తప్పదు. ఆ దారి చాలా పొడుగు.

1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మధురకు పాలకుడై వచ్చినది మొదలు మన పూర్వులు గుంపులు గుంపులుగా ఈ దేశానికి తరలివచ్చినారు. డెబ్బదిరెండు పాళెములలో కొందరు, కోవిలపట్టి, సాత్తూరు ప్రాంతపు నల్లరేగడి భూములలో కొందరు, కొంగునాట కోయంబత్తూరు చుట్టుపట్ల కొందరు స్థిరపడినారు. సుమారు ఐదు వందల ఏండ్లు గడచినా ఇంటిలో మాట తెలుగే, వ్రాత మాత్రం అరవం. ఆ మాటతో బాటు నిలిచిన సామెతలలో ఒకటి మన ప్రస్తుత విషయానికి అతికినట్లున్నది: కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది!

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పవలె. కొండనాలుక వేరు, టాన్సిల్స్ వేరు. నోరు తెరచి అద్దంలో చూచుకొంటే నడిమిన వ్రేలాడే చిన్న కండ కొండనాలుక. దానికి ఇరుప్రక్కల గోడలలో ఒదిగి ఉండే బాదంకాయల వంటి గడ్డలు టాన్సిల్స్. మన ప్రక్కనున్న తమిళ సోదరులు చాలామంది ఈ రెంటినీ కలిపి 'ఉళ్‌నాక్కు' అంటారు. మనవారికి కూడా ఆ కలగలుపు అలవాటైనది. డాక్టరుగారు టాన్సిల్ అంటే మనము కొండనాలుక అనుకొని, ఊరికే ఉప్పు, మిరియాల పొడి వేలితో అద్ది ఊరుకొనడం కద్దు. ఇక మిరియాల కషాయం, పసుపు పాలు, ఉప్పునీళ్ల పుక్కిలింత మొదటినుంచి మనవే. చిత్తరత్తై మాత్రం ఈ దేశానికి వచ్చిన తరువాత మన వంటింటిలో చేరినది. ఇవన్నీ గొంతుకు హాయి నిచ్చేవే గాని ఏ గడ్డనూ కరిగించేవి కావు. అయినను వీటిని చిన్నచూపు చూడవలసిన పని లేదు. గొంతునొప్పులలో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చి వారం దినాలలో తమంతట తామే పోయేవి. వాటికి హాయి చాలును.

శస్త్రవైద్యానికి వస్తే మన దేశమే ముందు. సుశ్రుతుడు తన సంహితలో నోటి రోగాలను స్థానాలవారీగా విడదీసి, దవుడపై వచ్చే వాపులలో గలశుండిక అనీ తుండికేరి అనీ చెప్పినాడు. గలశుండిక మన కొండనాలుక జబ్బు. తుండికేరి అంటే అడవిపత్తి కాయ అని వ్యాఖ్యాతలు అర్థం చెప్పినారు. వాచిన టాన్సిల్‌ను చూచి పత్తికాయతో పోల్చినవాడు ఎవడోగాని, నూలుమిల్లుల నీడలో పెరిగిన కోయంబత్తూరు వారికి ఆ పోలిక ఇట్టే అర్థమవుతుంది. పెరిగిన గలశుండికను లాగి పట్టి మండలాగ్రమనే కత్తితో కోయవలెనని సుశ్రుతుడు విధించినాడు. ఆ వెంటనే ఒక హెచ్చరిక చేసినాడు: మితిమీరి కోస్తే నెత్తురు పోయి ప్రాణం మీదికి వస్తుంది, చాలీచాలకుండ కోస్తే వాపూ చొంగా నిలిచిపోతవి. తక్కిన వాపులకు కూడ ఇదే విధమన్నాడు. మన సామెత పుట్టుక ఎక్కడో మేము చెప్పలేము గాని, ఈ హెచ్చరికా ఆ సామెతా ఒక ఇంటివే.

క్రీస్తు తరువాత మొదటి శతాబ్దిలో రోము నగరపు సెల్సస్ అనే రచయిత, గట్టిపడిన టాన్సిల్‌ను చుట్టూ వ్రేలితో విడదీసి పెకలించమని వ్రాసినాడు. మత్తుమందు లేని కాలం! చదువుతుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. తరువాత వందల ఏండ్లు పెద్ద మార్పు లేదు. 1799 డిసెంబరులో అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ గొంతువాపుతో రెండు దినాలలో చనిపోయినాడు. అంతటి మహారాజపురుషునికి జరిగిన వైద్యం పలుమార్లు నెత్తురు తీయడం. గొంతు క్రింద రంధ్రం చేసి గాలి ఆడనిద్దామని చెప్పిన యువవైద్యుని మాట తక్కినవారు వినలేదు.

1828లో ఫిలడెల్ఫియా వైద్యుడు ఫిలిప్ సింగ్ ఫిజిక్ అంతకుముందు కొండనాలుక కోయడానికి వాడుకలో ఉన్న పనిముట్టునే కాస్త మార్చి టాన్సిల్‌ను కత్తిరించే కత్తెర చేసినాడు. మళ్లీ కొండనాలుకే! వలయంలో గడ్డను ఇరికించి బ్లేడును ఒక్క తోపు తోస్తే పైభాగం తెగిపోయేది. పని క్షణంలో ముగిసేది. పని సుళువైతే పని పెరుగుతుందన్నది ఏ వృత్తిలోనైనా ఉన్నదే. ఇరువదవ శతాబ్ది ఆరంభానికి మత్తుమందు కుదురుకొన్నది, గడ్డను పైపైన గాక మొదలంటా తీసే పద్ధతి వచ్చినది. దానికి తోడు, ఒంటిలో ఏ మూల చీము దాగినా అది కీళ్లకూ మూత్రపిండాలకూ పిచ్చికీ కూడా మూలమనే సిద్ధాంతం అమెరికాలో ప్రబలినది. ట్రెంటన్ పిచ్చాసుపత్రిలో హెన్రీ కాటన్ అనే డాక్టరు రోగుల పండ్లూ టాన్సిల్సూ పీకి పిచ్చి కుదురుస్తానన్నాడు. పిచ్చి కుదరలేదు, ప్రాణాలు మాత్రం పోయినవి.

ఇక్కడ మేము కొంచెం నిలబడి ఒక లెక్క చెప్పదలచినాము. మన వర్తక కుటుంబాలలో లెక్క చెవిని పడితే చాలు, తక్కినది వారే గ్రహిస్తారు. 1934లో న్యూయార్కు నగరంలో 1,000 మంది బడిపిల్లలను చూచినారు. అందరికీ పదకొండేండ్ల వయసు. వారిలో 611 మందికి అప్పటికే టాన్సిల్స్ తీసివేసినారు. మిగిలిన 389 మందిని డాక్టర్లకు చూపితే 174 మందికి తీయవలెనన్నారు. తీయనక్కరలేదన్న 215 మందిని, ఆ సంగతి చెప్పకుండా, వేరే డాక్టర్లకు చూపినారు. వీరు 99 మందికి తీయవలెనన్నారు. మిగిలిన 116 మందిని మూడవ జట్టుకు చూపితే 51 మందికి తీయవలెనన్నారు. వేయిమందిలో తుదకు 65 మంది మిగిలినారు. నాలుగవ జట్టు దొరికి ఉంటే వారి గతి ఏమై ఉండునో! ప్రతి జట్టూ తన ముందుకు వచ్చినవారిలో ఇంచుమించు సగం మందికి కత్తి చెప్పినది. పిల్లల గొంతులలో ఉన్న జబ్బు కాదు అది, చూచేవారి కండ్లలో ఉన్న అలవాటు.

నాలుగేండ్ల తరువాత, 1938లో, ఇంగ్లండులో అలిసన్ గ్లోవర్ అనే వైద్యాధికారి దేశమంతటి బడిపిల్లల లెక్కలు వేసి చూచినాడు. ఒక జిల్లాలో పిల్లలకు విరివిగా కోతలు, ప్రక్క జిల్లాలో అరుదు. గాలిలోగాని నీటిలోగాని తేడా లేదు. లండను చెంత హార్న్‌సీ అనే పట్టణంలో 1929లో బడివైద్యుడు మారినాడు. వెంటనే కోతల సంఖ్య అంతకుముందున్నదానిలో పదోవంతుకు పడిపోయినది. పిల్లలకేమీ చెడుపు జరుగలేదు. మేము డాక్టర్లను దూషించడానికి ఇది చెప్పడం లేదు. ఈ లెక్కలు వేసి తమ తప్పును తాము బయటపెట్టినవారు కూడా డాక్టర్లే గదా. పోలియో ప్రబలిన ఋతువులో టాన్సిల్స్ తీయకూడదని, తీస్తే ఆ వ్యాధి మెదడు మొదలికి ఎక్కే ప్రమాదమున్నదని కనిపెట్టి ఆపినవారూ వారే.

అయితే గొంతు జబ్బు అంతా వదిలివేయదగినదేనా అంటే, కాదు. ఇదే ఈ వ్యాసంలో అసలు విషయం.

పిల్లల గొంతునొప్పులలో సుమారు నాలుగింట ఒకటి స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చేది. గొంతు తగ్గిపోయిన రెండుమూడు వారాలకు, అందరూ దానిని మరచిపోయిన తరువాత, కొందరు పిల్లలకు కీళ్లు వాచి జ్వరం వస్తుంది. ఒక కీలు తగ్గి మరొక కీలు పట్టుకొంటుంది. అదీ తగ్గుతుంది. గుండె కవాటాలకు తగిలిన దెబ్బ మాత్రం తగ్గదు. ఆ జ్వరం కీళ్లను నాకి గుండెను కరుస్తుందని ఫ్రెంచి వైద్యులొకరు చెప్పినది లోకప్రసిద్ధం. అయిదు మొదలు పదిహేనేండ్ల లోపు పిల్లలకు ఈ భయం హెచ్చు. ఇరుకు ఇండ్లలో పదిమంది ఒకచోట పడుకొనే కుటుంబాలలో మరీ హెచ్చు. మిల్లు కూలీల వరుస ఇండ్లలో, చేనేత వీధులలో పెరిగినవారి ఇండ్లలో, 'మా పిన్నికి చిన్ననాటి నుంచి గుండె జబ్బు, మెట్లు ఎక్కలేదు, తొలికాన్పులోనే పోయింది' అనే కథ ఎన్ని కుటుంబాలలో లేదు? ఆ కథకు మొదటి అధ్యాయం ఒక గొంతునొప్పి కావచ్చునని ఆ ఇంటివారికి ఎవరూ చెప్పలేదు.

దీనికి మందు కత్తి కాదు, పెనిసిలిన్. 1928లో ఫ్లెమింగ్ కనుగొన్న ఆ మందు 1940ల యుద్ధకాలంలో లోకానికి అందినది. 1954లో పూనా చెంత పింప్రీలో హిందూస్థాన్ ఆంటీబయాటిక్స్ సంస్థ ఏర్పడిన తరువాత మన దేశంలోనే తయారీ మొదలైనది. ఈ సందర్భంలో భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకొనకపోతే తెలుగువారి సంచికకు లోటు. ఆయన అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు అధిపతిగా ఉన్నప్పుడు అక్కడ తయారైన ఆరియోమైసిన్ 1948లో వెలువడినది. ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూసినారు. టెట్రాసైక్లిన్ల వంశానికి అదే మూలపురుషుడు. గొంతు స్ట్రెప్టోకాకస్‌కు మాత్రం నేటికీ పెనిసిలిన్ జాతి మందే మొదటిది. ఇన్నేండ్లు గడచినా ఆ జీవి పెనిసిలిన్‌ను ఎదిరించడం నేర్చుకొనలేదు. ఇది వైద్యలోకంలో అరుదైన అదృష్టం. గొంతునొప్పి మొదలైన తొమ్మిది దినాల లోపల మందు పడితే గుండెకు రానున్న గండం తప్పుతుంది. మాత్రలైతే పది దినాలూ వాడవలె. మూడవనాడు జ్వరం దిగగానే మిగిలిన మాత్రలు అలమారలో పెట్టి మరొక బిడ్డకు దాచడం మన ఇండ్లలో పొదుపు క్రింద చెల్లుతున్నది! ఒకసారి కీళ్లజ్వరం వచ్చిన బిడ్డకు మూడు నాలుగు వారాలకొక పెనిసిలిన్ సూదిమందు ఏండ్ల తరబడి వేయించవలెను. టాన్సిల్స్ తీయించినాము గనుక ఇక సూది అక్కరలేదని మానివేయడం పొరపాటు.

మరి టాన్సిల్స్ ఎప్పుడు తీయవలె? 1984లో అమెరికాలోని పిట్స్‌బర్గులో జాక్ పారడైజ్ అనే పిల్లల వైద్యుడు, ఆయన తోటివారు దీనికి ఒక కొలత పెట్టి పరీక్షించినారు. ఒక సంవత్సరంలో ఏడుసార్లు, లేక రెండేండ్లు వరుసగా ఏటికి ఐదుసార్లు, లేక మూడేండ్లు వరుసగా ఏటికి మూడుసార్లు గట్టి గొంతువాపు వచ్చిన పిల్లలనే తీసుకొన్నారు. కోత జరిగినవారికి మొదటి రెండేండ్లలో జబ్బు బాగా తగ్గినది. వింత ఏమంటే, కోత లేనివారిలో కూడ చాలామందికి ఏటికేడు తగ్గుముఖమే పట్టినది. వయసే వైద్యుడైనది. అంతకంటె తక్కువసార్లు వచ్చేవారికి కోతవల్ల కలిగే మేలు, దాని కష్టనష్టాలకు చాలదని అదే బృందం 2002లో తేల్చినది. పెద్దవారి సంగతి కొంచెం వేరు. బ్రిటనులో 27 ఆసుపత్రులలో జరిగి 2023లో వెలువడిన పరిశోధనలో, మాటిమాటికి గొంతు వాచే పెద్దలకు కోత జరిగితే రెండేండ్లలో గొంతునొప్పి దినాలు 23, జరుగకపోతే 30 అని తేలినది. మేలు ఉన్నది, లేదనరాదు. కాని కోత తరువాత రెండు వారాలు మింగుడు పడని నొప్పి, పదవనాటి దాకా నెత్తురు కారే భయం కూడ లెక్కలో వేసుకొనవలె. పిల్లవానికి ఐసుక్రీము ఆశపెట్టి తీసుకొనిపోవచ్చును, పెద్దవానికి ఏమి ఆశపెట్టగలము?

ఇక యంత్రం మాట. దానిని రోబో అంటున్నారు గాని అది తనంతట తాను ఏమీ చేయదు. శస్త్రవైద్యుడు ఒక ప్రక్కన పీటమీద కూర్చొని, కండ్లముందు పెద్దదిగా కనబడే బొమ్మను చూస్తూ వ్రేళ్లు కదిలిస్తే, రోగి నోటిలోకి దూర్చిన సన్నని ఇనుప చేతులు అదే విధంగా కదులుతవి. మనిషి మణికట్టు తిరుగని మూలలకు అవి తిరుగుతవి. అమెరికా ప్రభుత్వం 2000లో ఈ డావించి యంత్రానికి అనుమతి ఇచ్చినది. నోటిగుండా గొంతులో దీనిని వాడే పద్ధతిని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వైన్‌స్టైన్, ఒమాలీ అనే వైద్యులు పెంపొందించగా, 2009 డిసెంబరులో దానికీ అనుమతి వచ్చినది. ఎందుకోసమంటే ముఖ్యంగా టాన్సిల్‌లోను నాలుక మొదటిలోను పుట్టే తొలిదశ క్యాన్సరు కోసం. అంతకుముందు ఆ చోటికి చేరాలంటే దవుడ ఎముకను చీల్చి తెరవవలసి వచ్చేది. ఆ ఘోరం తప్పించినది ఈ యంత్రం. నిద్రలో గాలి ఆడక గురక పెట్టేవారిలో నాలుక మొదటి కండను తగ్గించడానికి ఇటలీలో విచీని బృందం 2010లో దీనిని వాడి చూపినది. నాలుక మొదట్లో కూడ టాన్సిల్ జాతి కండ ఉన్నది. అది పెరిగి మాటిమాటికి బాధించే అరుదైన సందర్భాలలో ఈ యంత్రహస్తానికి నిజంగా పని ఉన్నది.

మామూలు టాన్సిల్ అలా కాదు. నోరు తెరిస్తే కనబడేది, చేతికి అందేది. దానిని కత్తితోనో, విద్యుత్తు కొసతోనో, కోబ్లేషన్ కడ్డీతోనో తీయడం చేయి తిరిగిన చెవి ముక్కు గొంతు వైద్యునికి నిత్యకృత్యం. దానికి కోట్ల ఖరీదు యంత్రం, నిర్ణీతమైన సార్లు వాడి పారవేసే దాని పనిముట్ల ఖర్చు ఎందుకు? గుమ్మం ఎదుటనే ఉన్న కొబ్బరిచెట్టుకు నిచ్చెన అక్కరలేనప్పుడు క్రేను తెప్పించినట్లు.

ఈ సంగతి కోయంబత్తూరు తెలుగువారికి మేము వివరించనక్కరలేదు. 1893లో కలంగల్ గ్రామంలో పుట్టిన జి. డి. నాయుడుగారు బడిచదువు పెద్దగా లేకనే మోటారును విప్పి బిగించి విద్య నేర్చి, బస్సు సంస్థ నడిపి, 1937లో బాలసుందరం నాయుడుగారితో కలిసి విద్యుత్ మోటారు తయారుచేసిన ఊరు ఇది. ఇంటింటా లేతు మిషను ఆడిన వీధులు ఇవి. మిషను మంచిదైనంత మాత్రాన షాఫ్టు సరిగా రాదని, తిప్పేవాని చేతిలో ఉన్నదని పీళమేడులో చిన్నపిల్లవానికి కూడ తెలుసును. అదే పీళమేడులో గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కొడుకులు 1926లో ఆస్తిని ఐదు పాళ్లు చేసి ఐదవ పాలు ధర్మానికి పెట్టినారు. ఆ ధర్మం తరువాతి కాలంలో వైద్యకళాశాల, ఆసుపత్రి దాకా పెరిగినది. పాపనాయకన్‌పాళెంలో కుప్పుస్వామి నాయుడుగారి పేర ఆసుపత్రి 1952లో వెలసినది. మధురలో ప్రభుత్వ వైద్యకళాశాల 1954లో వచ్చినది. వైద్యం మనకు దూరం కాదు. ఇప్పుడు యంత్రహస్తాలు కూడ కోయంబత్తూరు పెద్ద ఆసుపత్రులలో ఉన్నవి. ఉండవలసినవే, వాటి పని వాటికున్నది.

చేతి మాట వచ్చినది గనుక మధుర పెద్ద ఒకరిని తలచుకొంటాము. వడమలాపురంలో 1918లో పుట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామిగారికి యౌవనంలోనే కీళ్లవాతం పట్టి చేతివ్రేళ్లు వంకరలు తిరిగిపోయినవి. ఆ వంకర వ్రేళ్లతోనే కత్తి పట్టడం తిరిగి నేర్చుకొని లక్షకు మించి కంటి శస్త్రచికిత్సలు చేసినారు. ఉద్యోగవిరమణ తరువాత 1976లో 11 పడకలతో అరవింద కంటి ఆసుపత్రి ప్రారంభించినారు. కన్ను వేరు, గొంతు వేరు, నిజమే. మా తలపునకు వచ్చినది వ్రాసినాము.

ఆలస్యం చేయగూడని సందర్భాలు కొన్ని ఉన్నవి. గొంతులో బూడిదరంగు పొర కట్టి మెడ వాస్తే అది కంఠసర్పి కావచ్చును. ఒక ప్రక్కనే వాచి నోరు తెరవరాకుండా, ఉమ్ము మింగరాకుండా ఉంటే చీముగడ్డ. ఆ దినమే ఆసుపత్రికి పోవలె. పెద్దవానికి ఒక ప్రక్క టాన్సిలే పెరిగి, మెడలో గడ్డ కనబడి, మూడు వారాలైనా తగ్గకపోతే, ముఖ్యంగా పొగాకు కిళ్లీ అలవాటున్నవారికి, క్యాన్సరు కాదని తేల్చుకొనవలె. పిల్లవాడు నిద్రలో గురక పెడుతూ మధ్య మధ్య ఊపిరి ఆగి ఉలికిపడుతుంటే, గొంతునొప్పి ఒక్కసారి రాకపోయినా టాన్సిల్స్ చూపించవలె. దానికి ఏడు ఐదు మూడు లెక్క వర్తించదు.

తక్కినవారికి కావలసినది ఒక నోటుపుస్తకం. చిట్టా ఆవర్జాలు వ్రాయడం మనవారికి ఒకరు నేర్పవలసిన విద్య కాదు గదా. పారడైజ్ పెట్టిన కొలతలో ఊరికే గొంతు గరగరలాడితే లెక్కకు రాదు. గొంతునొప్పితో బాటు 101 డిగ్రీలు దాటిన జ్వరమో, దవుడ క్రింద నొప్పెట్టే బిళ్లలో, టాన్సిల్‌పై తెల్లని మచ్చలో, పరీక్షలో స్ట్రెప్టోకాకస్సో ఒకటి ఉండవలె. తేదీ, జ్వరం డిగ్రీలు, బడి మానిన దినాలు, వాడిన మందు, ఎన్ని దినాలు వాడినది, ఈ ఐదు గళ్లు గీసుకొని పుస్తకం చేతబట్టుకొని పోతే, ఏ ఊరి డాక్టరుగారైనను మొదట అడిగేది దానినే.